ఎడమవైపు వెనక డోరు

కృపా, దయాకర్,

ఈ సంగతి మీకు ఇన్నేళ్ళూ చెప్పలేదు. రాత్రి అన్నం దగ్గర మీరిద్దరూ పాత కారు మంచిదా కాదా అని వాదించుకుంటుంటే మీ నాన్న మధ్యలోనే చెయ్యి కడుక్కుని వరండాలోకి వెళ్ళిపోయారు కదా. ఖర్చుకు భయపడ్డారని మీరు నవ్వుకున్నారు. ఆయన భయం ఖర్చు గురించి కాదు. ఆయన ముందు నోటితో చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

మీరు ఈ భిలాయిలోనే పెరిగారు. పోతిరెడ్డిపల్లిలో మనం కిరాయికున్న ఇల్లు మీకు గుర్తుండదు. తొంభై ఆరులో కృపకు నాలుగేళ్ళు, దయాకర్‌కు ఏడాదిన్నర. మీ నాన్న పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నేను సంగారెడ్డిలో టీచర్ని. పొద్దుగూకితే ఫ్యాక్టరీల వైపు నుంచి పుల్లటి కంపు గాలిలో వచ్చేది. ఆ గాలికి దయాకర్‌కు ఆయాసం ఎత్తుకునేది. నలుగురం స్కూటర్ మీద, వాణ్ని శాలువాలో చుట్టి నా ఒళ్ళో... ఇక లాభం లేదని మీ నాన్న కారు కొంటానన్నారు.

ఆయనతో పాటు పనిచేసే ఓదెలుది సంగారెడ్డి అవతల కొండాపూర్ దగ్గర పల్లె. అతని దగ్గర పదేళ్ళ నాటి చిన్న తెల్ల కారు ఉంది. తక్కువకే ఇస్తానన్నాడు. ఇంట్లో వారం రోజులు అదే చర్చ. చిన్న బండి, ఏ సందులోనైనా తిరుగుతుంది, లీటరుకు పదహారు ఇస్తుంది, ఏ మెకానిక్కైనా కళ్ళు మూసుకుని విప్పుతాడని మీ నాన్న. మీ నానమ్మ సౌభాగ్యమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"మెకానిక్ విప్పుడెందుకు సుందరూ, జెర గట్టిగ తుమ్మితే అదే విడిపోయేటట్టున్నది. అగ్గిపెట్టెకు చక్రాలు పెట్టిండ్రు," అంది మీ నాన్నతో.

నా సంగతి మీకు తెలుసుగా. నేను టైర్ల గీతలు చూశాను, బ్రేకు తొక్కించి చూశాను, సీటు కింద తుప్పు ఉందేమోనని చెయ్యి పెట్టి తడిమాను. అప్పుడు దొరికింది ఆ తాడు. ఎడమవైపు వెనక డోరు లోపలి పిడికి నల్లటి తాడు చుట్టి, దాన్ని ముందు సీటు కింది కడ్డీకి బిగించి కట్టారు. ముడి మీద ముడి.

ఇదేమిటని అడిగితే ఓదెలు కారు వైపు చూడకుండానే, "గా డోరొక్కటి తియ్యకుండ్రి మేడం. జామైంది. మిగిలిన మూడు మంచిగున్నయి," అన్నాడు.

తాళాలు ఇచ్చాక మీ నాన్న అతన్ని బస్టాండు దాకా దింపుతానన్నారు. వద్దన్నాడు. ఎండలో నడిచే వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారం పాస్టరుగారు కారుకు ప్రార్థన చేయాలి. దిష్టి తాడు లాంటిది కట్టిన బండిని చర్చి ముందు ఎలా నిలబెడతామని నాకు ఒక బాధ. ఏదైనా జరిగితే పిల్లలు ఆ మూలన ఇరుక్కుపోతారే అని ఇంకో బాధ. రెండోదే పెద్దది. శనివారం సాయంత్రం కూరగాయల కత్తితో నేనే ఆ తాడు కోశాను.

డోరు జామ్ కాలేదు. పిడి లాగగానే తెరుచుకుంది. లోపలి నుంచి తడి పసుపు వాసన వచ్చింది, బాలింత గదిలో వచ్చేలాంటిది. కారు కుడివైపుకు ఒకసారి ఊగి నిలబడింది. గాలి అనుకున్నాను. మూసేటప్పుడు మాత్రం డోరు కొంచెం వాలింది. జెర పైకెత్తి నెడితేనే పడేది. ఆ కిటుకు నాకు పది సార్లు ప్రయత్నిస్తే గాని తెలియలేదు.

ఆ వారం బండి పువ్వులా నడిచింది. లీటరుకు ఇరవై ఇచ్చిందని మీ నాన్న ఒకటే సంబరం. ఎవరో బరువు దించినట్టుందే అన్నారు. నిజంగా ఆ మాటే అన్నారు.

పై శుక్రవారం పటాన్‌చెరులో ఒకరింట్లో పుట్టినరోజుకు వెళ్ళాం. తిరిగి బయలుదేరేసరికి సాయంత్రం ఏడు. వాన. నేను ముందు సీట్లో, దయాకర్ నా ఒళ్ళో నిద్రపోతున్నాడు. కృప వెనక ఒక్కతే, నాన్న సీటు వెనకాల. రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు కట్టాను. ఇస్నాపూర్ దాటాం. లారీలు నీళ్ళు చిమ్ముతూ పోతున్నాయి. కరెంటు పోయినట్టుంది, రోడ్డుకు రెండు వైపులా ఒక్క దీపం లేదు. ఫ్యాక్టరీ కంపు కూడా వానకు అణిగిపోయింది.

రుద్రారం దాటాక ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. లైట్లు పోయాయి. వైపర్ అద్దం మధ్యలో నిలబడిపోయింది.

మీ నాన్న తాళం తిప్పారు. ఏమీ లేదు. మళ్ళీ తిప్పారు.

అప్పుడు వెనక డోరు తెరుచుకున్న చప్పుడు.

చల్లటి గాలి నా మెడకు తగిలింది. వాన చప్పుడు కారు లోపలికి వచ్చింది. తర్వాత... కారు ఎడమవైపు కుంగింది. మెల్లగా. నడుము పట్టుకుని కూర్చునే మనిషి కూర్చున్నట్టు. డోరు కొంచెం పైకి లేచింది, లోపలికి వచ్చింది, పడింది. ఒక్కసారికే పడింది.

తడి పసుపు వాసన.

"కృపా... డోర్ తీసినవా బిడ్డా?" మీ నాన్న గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

"నేను తియ్యలే డాడీ."

"మరెవరు?"

"ఆంటీ. జరుగుమన్నది. జరిగిన."

మీ నాన్న చెయ్యి తాళం మీద లేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉన్నాయి. అయినా ఇంజన్ మొదలైంది.

వెనక్కి చూడొద్దని ఎవరూ చెప్పలేదు. నేను చూడలేదు. బండి కదిలింది. నడవలేక నడుస్తోంది, అయిదుగురిని మోస్తున్నట్టు మూలుగుతోంది. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట గుర్తుకు రాలేదు. ఒకటే అనుకున్నాను. ఆ డోరు తెరిచింది నేను. నా బిడ్డ వెనక ఉంది.

దయాకర్‌ను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, సీట్ల సందులోంచి వెనక్కి చెయ్యి చాపి కృప గౌను పట్టుకున్నాను. లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను. నాలుగేళ్ళ పిల్ల, పదిహేను కిలోలు లేదు... రాలేదు.

"అమ్మా, నొస్తుంది," అంది కృప మెల్లగా. "ఆంటీ జడ పట్టుకున్నది."

అప్పుడు నేను గట్టిగానే మాట్లాడాను. ఎవరితో అని నన్ను అడగకండి.

"నా బిడ్డనమ్మా అది. ఇడిసిపెట్టు."

పట్టు వదిలింది. కృప సందులోంచి వచ్చి నా మీద పడింది. ఒక జడ విడిపోయి ఉంది, రిబ్బను లేదు. ఆ జుట్టు తడిసి ఉంది.

అలాగే ఇల్లు చేరాం. పోతిరెడ్డిపల్లిలో కూడా కరెంటు లేదు. నానమ్మ కందిలి పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. మేం దిగి పిల్లలను ఎత్తుకుని గడపలోకి వచ్చేశాం. ఆమె మాత్రం కారు దగ్గరే నిలబడి, కందిలి ఎత్తి అద్దంలోంచి లోపలికి చూస్తోంది.

"సుందరూ, వానల ఎవర్ని తోల్కొచ్చినవ్‌రా? గట్ల ఎనకనే కూసున్నరు. లోపలికి రమ్మనరాదు వాళ్ళను," అంది.

వాళ్ళను అంది.

తెల్లవారగానే మీ నాన్న ఓదెలును తీసుకొచ్చారు. నేను కోసిన తాడు చూశాడు అతను. కొత్త తాడు తెచ్చుకున్నాడు. కడుతూనే చెప్పాడు.

"మా తమ్ముని భార్య. నొప్పులొస్తుంటే పట్నం దవాఖానకు నేనే తీస్కపోయిన. రుద్రారం కాడ దిగుతనన్నది. గాలాడ్తలేదు బావా, జెర దించుమన్నది. దించితే ఆలస్యమైతదనుకున్న. ఊకె డోర్ తియ్యవోతుందని తాడు కట్టిన." ముడి బిగించాడు. "దవాఖాన కాడ విప్పబోయిన. ఇగ దిగెటందుకు ఎవరు లేరు."

తాడు కొస సీటు కిందికి తోసి అడిగాడు. "ఒక్కతే ఎక్కిందా మేడం?"

నానమ్మ 'వాళ్ళను' అన్న మాట నాకు గుర్తుకొచ్చింది. కృప రిబ్బను కోసం కారంతా వెతికాం. దొరకలేదు.

ఇక నేను సిగ్గుపడే భాగం. మేం ఆ కారును పది రోజుల్లో అమ్మేశాం. కొన్నాయనది జహీరాబాద్ వైపు. ముగ్గురు పిల్లలను వెంట తెచ్చాడు. తాడు చూసి ఇదేమిటన్నాడు. మీ నాన్న అతని ముఖం చూడకుండా, "గా డోరొక్కటి తియ్యకుండ్రి. జామైంది," అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. బండి కదులుతుంటే వాళ్ళ చిన్నది ఎడమవైపు మూలకు జరిగి కిటికీ పక్కన కూర్చుంది. ఏడాది తిరక్కుండానే మనం ఇక్కడికి వచ్చేశాం. ఆ పిల్ల ఇప్పటికీ నాకు కలలో కనిపిస్తుంది.

కృపా, మన సెక్టార్లో అమ్మకానికి వచ్చిన ఆ కారు నీలం రంగుదన్నావు. అదే బండి కాదని నాకు తెలుసు. రాత్రి నువ్వు చెప్పిన మంచి గుణాలన్నీ మీ నాన్న విన్నారు. తమ్ముడు వంకలు పెడితే నవ్వారు కూడా. చివర్లో నువ్వు, ఒక డోరు తెరుచుకోదట, అందుకే తక్కువకిస్తున్నారు, ఒక్క పూటలో బాగు చేయించుకోవచ్చు అన్నావు. అప్పుడే ఆయన లేచారు.

ఏ డోరో నువ్వు చెప్పలేదు. మేం అడగలేదు.

మీరు కొనకండి. కొనకపోతే చాలని ఊరుకోకండి కూడా. ఆ బండి చూడటానికి ఎవరు వచ్చినా, పిల్లలతో వస్తే మరీ, ఎదురెళ్ళి ఈ కథ చెప్పండి. నవ్వితే నవ్వనివ్వండి. ఆ రోజు మేం చెప్పాల్సిన మాట మీరైనా చెప్పండి.