కోడలు కూర్చోని కుర్చీ

మందుల షాపు మీద మేడ. మెట్లెక్కగానే ఎడమచేతి వైపు గది. కిటికీ తెరిస్తే మార్కెట్ యార్డుకు పోయే టమాటా లారీల మోత, మూస్తే పాత ఫ్యాను మోత. మనసు విప్పి మాట్లాడుకోవడానికి మదనపల్లెలో ఇంతకన్నా నిశ్శబ్దమైన చోటు దొరకలేదు పాపం, కౌన్సెలర్ ఆదిలక్ష్మి మేడానికి.

ఆవిడ ఎదురుగా కూర్చున్న రెజీనా నర్సు. రోగులకు నిద్రమాత్రలిచ్చే మనిషికే నిద్ర కరువైంది. అత్త కృపమ్మ పోయినప్పటి నుంచీ కంటి మీద కునుకు లేదు. మాత్ర వేసుకుంటే డ్యూటీలో తూలుతోంది. ఊపిరి వ్యాయామం చేయమంటే గుండె ఇంకా దడదడలాడుతోంది. ధ్యానం చేయమంటే చర్చిలో ఏమనుకుంటారోనని జంకు. పాస్టరు గారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, టీ తాగి వెళ్ళారు. అదీ అయింది.

ఇవన్నీ ఎట్లాగో ఓర్చుకునేదే. కానీ మొన్న, యూకేజీ చదివే కూతురు ప్రిస్కిల్లా పాలు ఒలకబోసిందని లాగి కొట్టింది. పిల్ల చెంప మీద వేళ్ళు తేలాయి. అప్పట్నుంచీ ఆ పసిది తల్లి దగ్గరికి రావడానికే జంకుతోంది. భర్త కెల్విన్ ఉద్యోగం కుప్పంలో, వారానికోసారి వస్తాడు. తనకంటూ ఉన్నది ఆ పిల్ల ఒక్కతే. అదీ దూరమైతే బతికేం లాభమని, సిగ్గు చంపుకుని రెజీనా ఈ మెట్లెక్కింది.

"ఆ దినం ఏం జరిగిందో ఇంగోసారి చెప్పమ్మా," అంది మేడం.

"నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకోనుండాను మేడం. పక్క గదిలోంచి అత్త 'రెజీనా, నీళ్లు' అనింది. ఇనపడింది. ఒక్క నిమిషం పండుకోని ఇస్తాలే అనుకున్నా... లేసి సూసేసరికి ప్రాణం పొయ్యుండాది."

మేడం లేచి, ఖాళీ కుర్చీ ఒకటి తెచ్చి ఆమె ముందు వేసింది.

"మీ అత్త ఈడ కూసోనుండాదనుకో. మనసులో ఉండేదంతా చెప్పు. తర్వాత నువ్వే ఈ కుర్చీలో కూసోని, ఆమె బదులు చెప్పినట్టు చెప్పు. చానామందికి దీంతోనే బరువు దిగింది."

రెజీనా చెప్పింది. వెక్కి వెక్కి ఏడ్చింది. లేచి అందులో కూర్చోమంటే మాత్రం కదల్లేదు.

"అత్త కుర్చీలో నేనెట్లా కూసునేది మేడం? బతికినన్నాళ్లూ ఆమె ముందర పీటేసుకోని కూడా కూసోలేదు."

మేడం నవ్వింది. "సరే, ఇంటికాడ ఎవురూ లేనప్పుడు చెయ్యి. కానీ బదులు నీ నోటితోనే రావల్ల. సగంలో ఆపొద్దు, మనసు ఎదురుసూస్తానే ఉంటాది."

ఆ వారమే ఒక మధ్యాహ్నం రెజీనా వీధి తలుపు దగ్గరగా వేసి, ఎండ రాకుండా కిటికీలకు దుప్పట్లు కట్టింది. గదంతా మసక చీకటి. కృపమ్మ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి మధ్యలో వేసి, తాను చాప మీద కూర్చుంది.

"తప్పయిపోయిందత్తా... నీళ్లియ్యకుండా పంపించినా. నిద్ర పట్టడంలే. పసిదాన్ని కొడతాండాను. నన్ను మన్నించు."

ఇక లేచి కూర్చోవాలి. లేచింది. కుర్చీ చేతి మీద చెయ్యి కూడా వేసింది. కానీ పెళ్ళయిన నాటి నుంచీ ఒంటికి పట్టిన అలవాటు అంత తేలిగ్గా వదులుతుందా? మళ్ళీ చాప మీదే చతికిలబడింది. బదులు దానంతటదే వస్తుందేమో చూద్దామనుకుంది, పిచ్చిది. చేతులు కట్టుకుని, అత్త మాట కోసం కోడలు ఎట్లా కాచుకోవాలో అట్లా కాచుకుంది.

ఫ్యాను ఆగింది. కరెంటు పోయింది కాబోలు. ఎండకు పైన రేకులు టప్పుటప్పుమంటున్నాయి. మంచాన పడ్డ కృపమ్మ వీపు పుండ్లకు అద్దిన పౌడరు వాసన, ఉన్నట్టుండి గది నిండా...

ఒంటిపూట బడి వదిలినట్టున్నారు. తలుపు నెట్టుకుని ప్రిస్కిల్లా వచ్చింది. బ్యాగు కింద పెట్టింది. తల్లిని చూసి జంకలేదు. నేరుగా పోయి కుర్చీ ఎక్కి కూర్చుంది.

"దిగు పాపా. అది అవ్వ కుర్చీ."

పిల్ల దిగలేదు. మోకాళ్ళ మీద అరచేతులు ఆనించుకుంది.

"రెజీనా."

తల్లిని ఏనాడూ పేరు పెట్టి పిలిచిన పిల్ల కాదు. గొంతు తనదే కానీ, ఆ నిదానం పెద్దవాళ్ళది.

"అలిసిపోయినావు. నాకేం కోపం లేదు. పండుకో. పిల్లని నేను సూసుకుంటాలే."

అరవాలి... పిల్లని లాక్కోవాలి... కానీ ఇన్ని నెలలుగా రెజీనా వినాలనుకున్న మాట అదే. అది చెవిన పడగానే ఒళ్ళు దూదిలా తేలికైపోయింది. రెప్పలు వాలుతున్నాయి. వద్దు... ఇప్పుడు కాదు...

నిద్రపోయింది.

లేచేసరికి పొద్దు వాలుతోంది. తల దిమ్ము లేదు. ఎంత హాయిగా ఉందో అనుకుంది. అంతలోనే పిల్ల గుర్తొచ్చింది.

ప్రిస్కిల్లా వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. మొహం కడిగి ఉంది. తలకు నూనె పెట్టి, కణతలు లాగేంత బిగువుగా రెండు జడలల్లి, రిబ్బన్లు మడిచి కట్టి ఉన్నాయి. ఆ వయసు పిల్ల తన జడ తాను వేసుకోలేదు.

"జడలు ఎవురేసినారు పాపా?"

పిల్ల జడ చివర రిబ్బను తడుముకుంది.

"రా తల్లీ. అమ్మ కాడికి రా. కొట్టన్లే... ఇంగెప్పుడూ కొట్టను."

పిల్ల మొహం వెలిగింది. ఎన్నాళ్ళకో తల్లి వైపు ఆశగా చూసింది. లేవబోయి, వంటింట్లోకి తల తిప్పింది.

"పోనా?" అని గుసగుసగా అడిగింది. కాసేపు విన్నది. మెల్లగా మళ్ళీ కూర్చుంది.

"వొద్దంటాండాదమ్మా. నువ్వింగా పండుకోవల్లంట."

రెజీనా ఒక్క ఉదుటున లేవబోయింది. ఆవులింత వచ్చింది. ఆపుకోలేనంత ఆవులింత. చాప మీదికి ఒరిగిపోతూ పిల్ల వైపు చెయ్యి చాచింది. అందలేదు. "ప్రిస్కీ..." అంది. ఆ మాటా సగంలోనే ఆగిపోయింది.

రెప్పలు మూతపడుతుండగా, కాళ్ళ దగ్గరి దుప్పటి పైకి జరిగింది. ఎవరో దాన్ని మెడ దాకా కప్పి, అంచులు ఒంటి కిందికి ఓపిగ్గా దోపుతున్నారు.

గుమ్మంలో ప్రిస్కిల్లా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, చూస్తూ కూర్చుంది.