కరెంటు బిల్లు మాదే

"అక్కని నేనే చంపానంటున్నారండీ" అంటూ ఆ పిల్ల కుర్చీ అంచున కూర్చుంది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఒకప్పుడు కాలేజీలో లెక్కలు చెప్పి, ఇప్పుడు డిటెక్టివ్‌గా పేరు తెచ్చుకున్న టీచరమ్మ మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. పక్కనున్న అసిస్టెంటు ఆమెకన్నా వయసులో పెద్దవాడు, అయినా ఆమె మాటంటే ఆయనకు వేదవాక్కు. కలం మూత తీశాడు.

గేటు మీద "కరెంటు బిల్లు మాదే" అని ఓనర్ బోర్డు పెట్టిన ఇంట్లో ఈ పిల్లా, పై క్లాసు చదివే ఒక అక్కా ఒకే గదిలో అద్దెకుంటున్నారు. మొన్న పొద్దున స్నానానికి వెళ్ళిన అక్క బయటికి రాలేదు. తలుపు పగలగొడితే నేల మీద పడి ఉంది. గ్యాస్ గీజరు నుంచి వచ్చిన విషవాయువు అన్నారు డాక్టర్లు. గాలి ఆడాల్సిన వెంటిలేటర్‌లో శాలువా కుక్కి ఉంది.

"కుక్కింది నువ్వేనా?"

"నేనేనండీ. కానీ పోయిన చలికాలం! అప్పుడున్నది కరెంటు గీజరు. హీటర్ వేస్తే ఓనర్ ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. అక్కేమో స్నానాలగది వెంటిలేటర్‌లోంచి గదిలోకొచ్చే చలికి వణికిపోయేది. మా అమ్మ కొనిచ్చిన ఒట్టి నీలం శాలువా ఉంటే అదే పెట్టేశాను. సెలవులకెళ్ళి పోయిన వారం వచ్చేసరికి గీజరు మార్చేశాడు. శాలువా సంగతి ఇద్దరం మర్చేపోయాం."

"ఓనరేమంటున్నాడు?"

"గీజరు పెట్టినరోజు వెంటిలేటర్ తెరిచే ఉందట. తర్వాత నేనే మూశానట. అక్కావాళ్ళ నాన్నగారు నా మొహం కూడా చూడట్లేదు."

టీచరమ్మ వెళ్ళి చూస్తే ఆ ఇంటి స్నానాలగది గోడలు వెలిసిపోయి ఉన్నాయి. గీజరు చుట్టూ మాత్రం, పైన ఊచల వెంటిలేటర్ దాకా, కొత్త పసుపు రంగు మెరుస్తోంది.

"ఎవరు వేశారు?" అడిగింది టీచరమ్మ.

"నేనేనండీ" అన్నాడు ఓనర్ కాస్త గొప్పగా. "పాత గీజరు తీసిన మచ్చ అసహ్యంగా ఉంటే, గ్యాస్ బిగించిన మర్నాడే స్టూలెక్కి వేసేశాను. మనిషిని పెడితే మళ్ళీ కూలీ."

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ శాలువా చూపించాడు. అసిస్టెంటు శ్రద్ధగా రాసుకున్నాడు: నీలం శాలువా, పసుపు చారలు. టీచరమ్మ ఒక చారని గోటితో గీకి, శాలువా తిరగేసి చూసింది.

సాయంత్రం అందరినీ ఆ స్నానాలగది దగ్గరికే పిలిపించింది. ఇన్‌స్పెక్టర్, ఓనర్, గీజరు బిగించిన మెకానిక్, చనిపోయిన అమ్మాయి తండ్రి, గోడకి అతుక్కుని ఆ పిల్ల.

"శాలువా ఒట్టి నీలమని ఈ అమ్మాయి చెప్పింది. దీనికేమో చారలున్నాయి, అదీ ఒకవైపే. నేతలో వచ్చినవైతే వెనకా కనిపించాలిగా" అంటూ స్టూలెక్కి శాలువాని వెంటిలేటర్‌కి ఆనించింది. ఊచల సందులకి చారలు సరిగ్గా సరిపోయాయి. "ఇది గోడకి వేసిన రంగు. బ్రష్ ఆడినప్పుడు శాలువా ఊచల వెనకే ఉంది."

అసిస్టెంటు తన నోట్సు కేసి చూసుకుని సిగ్గుపడ్డాడు.

"నేను చెప్పానండీ" అన్నాడు మెకానిక్. "పైన గాలి ఆడాలి, మూసుంటే ప్రాణం మీదికొస్తుందని ఒకటికి రెండుసార్లు చెప్పాను. చూసుకుంటా, నువ్వెళ్ళు అన్నాడు."

"చూసుకున్నాడు" అంది టీచరమ్మ. "జానెడు దూరం నుంచి చూశాడు. శాలువా తీస్తే గదిలోకి చలి. చలేస్తే పిల్లలు హీటర్ వేస్తారు. బిల్లు తనదే. అందుకే దాని మీదనుంచే రంగు లాగించేశాడు."

ఓనర్ మొహం నల్లబడింది. "కరెంటు రేట్లు ఎలా పెరిగాయో మీకేం తెలుసు? అద్దె అంతా బిల్లుకే పోతుంటే నేనేం తినాలి? ఇంత పనవుతుందని కలగన్నానా?"

ఇన్‌స్పెక్టర్ అతని భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిపించాడు.

ఆ పిల్ల మాత్రం కదల్లేదు. "ఎలా చూసినా కుక్కింది నేనేగా" అని భోరుమంది.

తండ్రి మెల్లగా ఆమె దగ్గరికి వెళ్ళాడు. ఆ పిల్ల మొహం వైపు మొదటిసారి చూశాడు.

"నువ్వు దానికి చలేస్తుందని పెట్టావు తల్లీ. వారం నుంచి ఫోన్లో తలనొప్పి, కళ్ళు తిరుగుతున్నాయి అంటూనే ఉంది. చలికేలే, తలుపేసుకుని వేడివేడి నీళ్ళతో బాగా స్నానం చెయ్యమ్మా, తగ్గిపోతుంది అన్నాను. రోజూ అదే చెప్పాను."

టీచరమ్మని మెచ్చుకోవడానికి అసిస్టెంటు అంతకుముందే ఒక మాట సిద్ధం చేసుకున్నాడు. తిరిగి వస్తూ అది మింగేసి, కలం మూత పెట్టేశాడు.