అమ్మవారి పేరున్న ప్రాసెస్

"గరికపాడు దాటాం. తలుపు సందులోంచి ఎర్ర రుమాలు బయటికి తోసా. తొందరగా రా లహరీ."

పది నలభైకి వచ్చిన ఆ మెసేజ్ తర్వాత తోటి ఏజెంట్ రూబెన్ సిగ్నల్ పోయింది. అతన్ని విదేశీ ముఠా ఏదో లారీలో కుక్కి తీసుకుపోతోంది. కీసర టోల్‌గేట్ దాటితే బెజవాడ రద్దీలో కలిసిపోతుంది. లారీలన్నీ ఆపితే అక్కడికక్కడే చంపేస్తారు. ఆపాల్సింది ఒక్క లారీనే. అది ఏది?

నందిగామ శివార్లలోని మిర్చి కోల్డ్ స్టోరేజీ. బస్తాల వెనక సీక్రెట్ కంట్రోల్ రూమ్. మిర్చి బ్రోకర్ వేషంలో ఉన్న ఏజెంట్ లహరి లోపలికి దూసుకొచ్చేసరికి పదకొండు పన్నెండు.

"జగ్గయ్యపేట రోడ్డు కెమెరా తీసిన లారీల ఫోటోలేవి?"

"సర్వర్లోకి దిగట్లేదండి. రెండ్రోజుల్నించీ నత్తనడకే, ఇవాళ మొత్తానికి ఆగింది," అన్నాడు ఆపరేటర్ తిరుపతిరావు.

"రీబూట్ చేద్దాం డియర్. అరగంటే!" నల్ల కళ్లద్దాలు సవరించుకుంటూ నవ్వింది సిగ్నల్స్ చీఫ్ రాజ్యశ్రీ.

అరగంటకి రూబెన్ ఉండడు. మూడేళ్లుగా తన వెనక కాపలా కాసిన మనిషి. లహరికి ఏడుపు తన్నుకొచ్చింది.

"డిస్క్ చూడండి!"

"డిస్క్ ఎంత నిండిందో చెప్పే డిఎఫ్ కమాండ్ కొడితే నూటికి నూరూ నిండిందంటోంది. డియు కమాండ్‌తో ఉన్న ఫైళ్లన్నీ కూడితే నలభై శాతమే. మిగతాది ఏమైందో అర్థం కావట్లేదండి."

"ఫైల్ చెరిపేసినా, నడుస్తున్న ప్రోగ్రామ్, ఏదో ప్రాసెస్, దాన్ని పట్టుకుని ఇంకా రాస్తోంది. పేరు పోయింది, చోటు పోలేదు. ఎవరు పట్టుకున్నారో చూడండి!"

తిరుపతిరావు చూశాడు. మొహం పాలిపోయింది.

"తిరుపతమ్మ అని వస్తోందండి. మొన్న కొబ్బరికాయ కొట్టి రాజ్యశ్రీ మేడమ్‌గారే స్టార్ట్ చేశారు."

"కిల్ కొట్టి దాన్ని చంపెయ్యండి, చోటు ఖాళీ అవుతుంది!"

"అమ్మవారి పేరండీ! పెనుగంచిప్రోలు మొక్కుతో పుట్టినోణ్ణి. నా చేత్తో కిల్ అని ఎట్టా కొడతా?"

లహరికి అంతా తెలిసిపోయింది. ఈ ఊళ్లో ఆ పేరు మీద ఎవరూ చెయ్యి వేయరని లెక్క వేసుకుని డిస్క్ నింపింది రాజ్యశ్రీయే, ముఠాకి అమ్ముడుపోయింది. రాజ్యశ్రీ చెయ్యి అప్పటికే హ్యాండ్‌బ్యాగ్‌లోని పిస్టల్ మీద ఉంది. లహరి జేబులోంచి తీసి చల్లిన మచ్చు కారం ఆమె కళ్లద్దాల సందులోంచి కళ్లలో పడింది. పిస్టల్ గచ్చు మీద మోగింది.

"అమ్మా, క్షమించు. నీ పేరు వాడుకున్నదాన్ని నువ్వే చూసుకో!" లహరి కిల్ కొట్టింది.

డిస్క్ నూరు నుంచి నలభై ఒకటికి దిగింది. ఫోటోలు వరదలా దిగాయి. ఎనభై మూడో ఫోటోలో ఎర్ర రుమాలు, లారీ నంబరు.

పదకొండు ముప్పై మూడు. కీసరలో ఆ లారీ ముందు గేటు కర్ర లేవబోతూ ఆగిపోయింది. రూబెన్ ప్రాణాలతో దిగాడని వినగానే లహరి బస్తాల మీద కూలబడి భోరున ఏడ్చింది.

బాస్ వరప్రసాదరావు ఫోన్ చేశాడు.

"శభాష్! ఇకనించి ప్రాసెస్‌లకి ఏ పేరు పెట్టమంటావమ్మా?"

"మీ పేరు పెట్టండి సార్. చంపడానికి ఎవరూ వెనకాడరు."