రక్తం పలచన

పొద్దున్నే టైలరమ్మకి చిరాకు వంటింట్లోనే మొదలైంది. కూరగాయల బుట్టలో అత్తగారు మళ్ళీ ఆకుకూర కట్ట తెచ్చి పెట్టారు. ఆకుకూరలు తింటే మాత్ర పనిచేయదు, మీ అబ్బాయికి వద్దు అని ఎంత చెవినిల్లు కట్టుకుని పోరినా ఆవిడ తీరు ఆవిడదే.

"అత్తయ్యా, ఇది మళ్ళీ ఎందుకు తెచ్చారు?"

"గుండె కోసి కుట్టిన మనిషి. ఒంట్లో రక్తం పట్టొద్దూ?"

"పట్టడం కాదత్తయ్యా. రక్తం పలచబడాలనే డాక్టర్ గారు మాత్ర ఇచ్చింది."

"బాగుంది. నీళ్ళు కలిపిన పాలలో బలం ఎంతుంటుందో, పలచబడ్డ రక్తంలోనూ అంతే ఉంటుంది. మీ డాక్టరుకి ఎవరు చెబుతారు?"

ముందుగదిలో కుర్చీలో కూర్చున్న ఆమె భర్త మేస్త్రి ఈ మాటలన్నీ విన్నాడు. విని, నిమ్మకు నీరెత్తినట్టు పేపరు తిరగేశాడు. కార్ల ఇంజిన్లు విప్పి బిగించడంలో అతన్ని మించినవాడు లేడని పేరు. తమ్ముడితో కలిసి పెట్టిన షెడ్డులో అందరికీ అతను మేస్త్రే. అలాంటి మనిషి గుండెలో ఒక కవాటం పాడైపోతే, ఛాతీ తెరిచి లోహపు వాల్వు అమర్చారు. గది నిశ్శబ్దంగా ఉంటే అతని చొక్కా లోపలినుంచి చిన్నగా టిక్కు టిక్కుమని వినిపిస్తుంది.

ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ టైలరమ్మకి తల ప్రాణం తోకకొస్తోంది. ఒకపక్క కుట్టుమిషన్ మీద జాకెట్లు, ఇంకోపక్క ఈయన మందులు, తిండి, నిద్ర. ఎవరైనా వచ్చి "ఎలా ఉంది మేస్త్రీ?" అని అడిగితే జవాబు ఈవిడే చెబుతుంది. "ఏం బాగు లెండి, మెట్లెక్కితే ఆయాసం. ఏ పనీ ముట్టుకోనివ్వట్లేదు" అంటుంది. ఆయన గోడవైపు చూస్తూ కూర్చుంటాడు.

ఇంత చేసినా రక్తపరీక్ష సరిగ్గా రావట్లేదు. మాత్ర అసలు పనిచేస్తున్నట్టే లేదని డాక్టరమ్మ రెండుసార్లు మోతాదు పెంచింది. పోయినసారి కాస్త గట్టిగానే అడిగింది, "రోజూ వేస్తున్నారా అమ్మా?" అని. "నా చేత్తో నోట్లో వేస్తున్నానండి" అని ఈవిడ అందరి ముందూ ఒట్టేసినంత పని చేసింది. ఇక తప్పంతా అత్తగారి ఆకుకూరలదేనని తేల్చేసుకుంది.

ఇవాళ మళ్ళీ పరీక్షకి వెళ్ళాలి. నిన్న విడిచిన చొక్కానే ఇస్త్రీ చేసి ఇద్దామని టేబుల్ మీద పరిచింది. జేబు దగ్గర గుడ్డ గుడ్డకి అతుక్కుపోయి ఉంది. వేలు పెట్టి విడదీస్తే లోపల గులాబీ రంగు ముద్ద. సగం కరిగి ఎండిపోయిన మాత్ర. ఒకటి కాదు, దాని పక్కనే ఇంకోటి.

ఇస్త్రీపెట్టె స్విచ్ తీసేసి, ఆ చొక్కా పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళింది.

"ఏమిటండీ ఇది?"

మేస్త్రి ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. "ఉతికితే పోతుందిలే."

"మరక గురించి కాదు నేనడిగేది. నాలుక కింద దాచుకుని, నేనటు తిరగ్గానే జేబులో వేసుకుంటున్నారా? ఎన్నాళ్ళనుంచి నా చెవిలో పువ్వు పెడుతున్నారు? ఆ డాక్టరమ్మ ముందు నేను ఒట్లు వేస్తుంటే పక్కనే కూర్చుని వింటారా? మీ కోసం ఇంట్లో ఆకన్నది వండకుండా మానేశాను. మీ అమ్మని అనరాని మాటలన్నాను. అసలు మీకు బతకాలనుందా లేదా?"

"ఉంది కాబట్టే మింగలేదు." మేస్త్రి పేపరు మడిచి పక్కన పెట్టాడు. "నా జీవితమంతా ఇంజిన్లతోనే గడిచింది. ఆయిల్ పలచబడ్డ ఇంజిన్ ఏమవుతుందో నాకు తెలీదా? లోపల పట్టుండదు. రాపిడికి అరిగి అరిగి ఒకరోజు బిగుసుకుపోతుంది. కొత్త వాల్వు వేసి, పలచని ఆయిల్ పోసి నడపమంటే ఏ మెకానిక్కూ నడపడు."

"మీది ఇంజిన్ కాదండీ, గుండె. ఆ ముక్కేదో డాక్టర్నే అడగొచ్చుగా?"

"ఎప్పుడు అడగను? ఆవిడ నన్నడిగితే నువ్వు చెబుతావు. నువ్వడిగితే ఆవిడ నీకు చెబుతుంది. మధ్యలో నేను బెంచీ మీద పెట్టిన సామానుని."

టైలరమ్మ చొక్కాని కుర్చీ మీదికి విసిరింది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. మింగని మాత్రల లెక్కమీద డాక్టరమ్మ మోతాదు పెంచుకుంటూ పోయింది. ఇవాళ తను పట్టుబట్టి ఆ పెంచిన మోతాదంతా మింగిస్తే? ఎక్కడ రక్తస్రావం అవుతుందో, అయితే ఆగుతుందో లేదో. మింగకపోయినా ప్రమాదం, మింగినా ప్రమాదం.

"పదండి. ఉన్నదున్నట్టు చెప్పేద్దాం."

"చెప్పు, అదీ నువ్వే చెప్పు. ఎలాగూ అందరిలో పలచనైపోయాను. మొన్న షెడ్డుకి వెళితే తమ్ముడు కుర్చీ వేశాడు. చేతిలో స్పానర్ లాగేసుకుని 'వదిన నన్ను చంపేస్తుంది అన్నయ్యా' అన్నాడు. కుర్రాళ్ళంతా నవ్వారు. రక్తమొక్కటే పలచబడిందనుకుంటున్నావా నువ్వు?"

గుమ్మంలో నిలబడి అంతా విన్న అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. "నీళ్ళపాలని రోజూ నేననే మాటకేనా నాయనా ఇలా చేశావు?" అన్నారు. మేస్త్రి లేచి చెప్పులు వేసుకున్నాడు. ఇద్దరూ ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళారు.

డాక్టరమ్మ ఫైలు తెరిచి మామూలుగానే అడిగింది, "మాత్ర రోజూ పడుతోందా?" టైలరమ్మ నోరు దానంతటదే తెరుచుకుంది. ఎంతో కష్టం మీద మూసుకుని, చేతిసంచి పట్టీని వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చుంది. ఆమెకది పంటి కింద రాయిలా ఉంది. గదిలో కాసేపు ఆ టిక్కుటిక్కే వినిపించింది.

"పడట్లేదండి. నేనే ఉమ్మేస్తున్నాను," అన్నాడు మేస్త్రి.

తర్వాత అంతా హడావుడి. డాక్టరమ్మ ఇంకో ప్రశ్న అడగకుండా స్కానింగుకి పంపింది. బయట వరండాలో టైలరమ్మ ఒక్కతే కూర్చుంది. పొద్దుటి కోపం కోసం వెతుక్కుంటే దొరకలేదు. ఆపరేషన్ రోజున అద్దంలోంచి చూసిన మనిషే కళ్ళ ముందు మెదిలాడు. గొట్టాల మధ్య కదలకుండా పడుకున్న ఆ మనిషిని మళ్ళీ అలా చూడలేననే భయంతోనే కదా, ఇన్నాళ్ళూ ఆయన్ని కదలనివ్వకుండా కట్టిపడేసింది.

స్కానింగులో గడ్డలేవీ కనపడలేదు. "అదృష్టవంతులు," అంది డాక్టరమ్మ. "రక్తం పలచబడటం అనేది మేం తేలిగ్గా చెప్పే మాట మేస్త్రి గారూ. నిజానికి మీ రక్తం పలచబడదు, దాని బలం ఎక్కడికీ పోదు. లోహం ఉన్నచోట రక్తం గడ్డకట్టాలని చూస్తుంది. ఆ గడ్డ వాల్వు రెక్కల మధ్య ఇరుక్కుంటే అది మూసుకోదు, తెరుచుకోదు. అలా కాకుండా చూడటమే ఈ మాత్ర పని."

మేస్త్రి ముందుకి వంగాడు. "అంటే ఇది ఆయిల్ పలచన చేసేది కాదు. వాల్వుకి మడ్డి పట్టకుండా చూసేది."

"అలాగే అనుకోండి. అనుకుని మింగండి. మొదటి మోతాదే మళ్ళీ మొదలుపెడదాం. ఆకుకూర మానక్కర్లేదు, రోజూ ఒకే కొలతలో తినండి చాలు. ఇంతకీ షెడ్డుకి వెళుతున్నారా?"

"లేదండి."

"అదేమిటి? బరువులెత్తొద్దన్నాను, చేతికి దెబ్బలు తగలకుండా చూసుకోమన్నాను. పనే వద్దని నేనెప్పుడూ అనలేదే. ఎవరు మానమన్నారు మిమ్మల్ని?"

టైలరమ్మ తల దించుకుంది. బరువులు వద్దన్న మాటని పని వద్దన్న మాటగా మార్చి, మరిదికి ఫోన్ చేసి డాక్టర్ ఆర్డరని చెప్పింది తనే. ఆ సంగతి మేస్త్రికీ తెలిసిపోయింది. అతను ఆమె వైపు తిరిగి ఒక్క క్షణం చూశాడు. ఇన్నాళ్ళ ఉక్రోషం తీర్చుకోవడానికి ఒక్క మాట చాలు.

"ఎవరూ కాదండి. నేనే భయపడి కూర్చున్నాను," అన్నాడు.

వరండాలోకి వచ్చాక ఆమె బెంచీ మీద కూర్చుండిపోయింది.

"నా పేరు చెప్పొచ్చుగా. నేనే కదా మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టింది. లేనిపోని మాట చెప్పి..."

"చెబితే ఆవిడ నిన్ను చీవాట్లు పెట్టేది." మేస్త్రి పక్కన కూర్చున్నాడు. "తిట్టుకుంటే మనింట్లో మనం తిట్టుకుందాం. పరాయివాళ్ళ చేత నిన్నొక మాటనిపిస్తానా?"

ఆసుపత్రి జనమంతా చూస్తున్నా లెక్కచేయకుండా టైలరమ్మ అతని భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.