అనిల్ కుమార్ పేరుతో

నరసాపురంలో గోదావరి దాటించే పంటు ఆగే రేవుకి వెళ్లే దారిలో త్రిమూర్తులుకి ఒక నెట్ సెంటర్ ఉండేది. ఫోన్ లైను మీద ఇంటర్నెట్ నడిచే రోజులవి. నాలుగు చినుకులు పడితే చాలు, లైను మూగబోయేది. అందుకని జనం మెయిళ్లు ముందే టైపు చేసి పెట్టేవారు. అతను రోజుకోసారి కనెక్ట్ చేసి, అన్నీ మూటగట్టి పంపేసేవాడు.

ఇక్కడి మెయిల్ సర్వరేమో సగం ఉత్తరాలు మింగేసేది. రాజమండ్రి స్నేహితుడొకడు ఏదో బయటి దేశపు సర్వర్ అడ్రసు ఇచ్చాడు. అది బహు మంచిది. పాస్‌వర్డ్ అడగదు. ఎవరి పేరు పెడితే వాళ్ల ఉత్తరంగానే మోసుకుపోతుంది. అది ఎవరిదో, ఎక్కడుందో త్రిమూర్తులు కనుక్కోలేదు. పని జరుగుతుంటే పుట్టుపూర్వోత్తరాలెందుకు?

రూబీ లూథరన్ బళ్లో టీచరు. ఏడో నెల. భర్త అనిల్ కుమార్ సరుకుల ఓడ మీద వంటవాడు. యాభై రోజులుగా కబురు లేదు. బడి వదలగానే వచ్చి, గుమ్మంలోంచే అడిగేది.

"ఏవన్నా వచ్చిందాండి?"

"రాలేదమ్మా."

ఆ పిల్ల తిండి మానేసి పుల్లలా అయిపోతుంటే త్రిమూర్తులుకి కడుపు తరుక్కుపోయేది. ఒకరోజు ఉండబట్టలేక అనిల్ పేరు పెట్టి తనే రాశాడు. ‘రూబీ, నేను క్షేమం. నా కోసం చూడకు. వేళకి తిను.’ బయటి సర్వర్ మారు మాట్లాడకుండా మోసింది. అది చదివి రూబీ అక్కడే కూర్చుని రెండు అరటిపళ్లు తింది. పుణ్యం చేశాననుకున్నాడు పిచ్చి మారాజు.

ఇంటికెళ్లి భార్య వీరదుర్గతో చెప్తే ఆవిడ నోరు నొక్కుకుంది. "ఉన్నాడో లేడో తెలియని మనిషి పేరుతో ఉత్తరమా? అపశకునం కాదటండీ?"

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు మధ్యాహ్నం మూడున్నరకే మబ్బు కమ్మి గది చీకటైంది. త్రిమూర్తులు కనెక్ట్ చేశాడు. మోడెమ్ ఎప్పటిలాగే కీచుమని అరిచింది. కాసేపు అరిచి ఆగిపోవాలి. ఆగలేదు. ఆ అరుపు వెనక నీళ్ల చప్పుడు... ఎవరో ఊపిరి అందక పెనుగులాడుతున్నట్టు. గదిలో ఉప్పునీటి కంపు.

ఒక మెయిల్ దిగింది. అనిల్ కుమార్ నుంచి, రూబీకి.

‘నేను క్షేమం.’

ఇది త్రిమూర్తులు రాయలేదు. ఇంకోటి దిగింది. ‘నేను క్షేమం.’ మూడోది... ‘టీచరమ్మా, నాలుగింటికి రేవుకి రా. పంటు ఎక్కకు. మెట్లు దిగు.’

అతను గబగబా చెరిపేశాడు. మళ్లీ దిగింది. ఫోన్ వైరు పీకేశాడు. వైరు చేతిలోనే ఉంది... మళ్లీ దిగింది.

"ఏవన్నా వచ్చిందాండి?"

గుమ్మంలో రూబీ. వానకి నిలువునా తడిసి ఉంది.

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "అమ్మా... మొన్నటి మెయిల్ నేను రాసింది. తప్పైపోయింది."

"తెలుసండి," అంది రూబీ మెల్లగా. "ఆయన నన్ను పేరు పెట్టి పిలవరు. అయినా, తినమని ఎవరో ఒకరు అన్నారు కదా అని తిన్నానండి."

త్రిమూర్తులుకి కళ్లనీళ్లు తిరిగాయి. అంతలో ఆమె చూపు స్క్రీన్ మీద పడింది.

"టీచరమ్మా... ఇది ఆయనేనండి."

గిర్రున వెనక్కి తిరిగింది. త్రిమూర్తులు అడ్డంపడి షట్టర్ లోపల్నించి లాగేశాడు.

"వెళ్లనివ్వండి బాబాయిగారూ..."

"కడుపులో బిడ్డని చూసుకో తల్లీ. వెళ్లకు."

రేవులో పంటు హారన్ మోగింది. గోడ గడియారం నాలుగు కొట్టింది. షట్టర్ కిందనుంచి సన్నగా నీరు పాకి వచ్చింది. రూబీ పాదాల దగ్గర ఆగింది... వచ్చిన దారినే వెనక్కి పోయింది.

రూబీ గోడకి జారబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడవనీ, ప్రాణాలతో ఉంది కదా అనుకుని త్రిమూర్తులు ఇటు తిరిగాడు.

వైరు నేల మీదే పడి ఉంది. మోడెమ్ లైటు వెలుగుతోంది. పంపిన మెయిళ్లలో కొత్తగా ఒకటి కనిపించింది. టైము సరిగ్గా నాలుగు. త్రిమూర్తులు నుంచి, వీరదుర్గకి. ఆవిడకి మెయిల్ అడ్రసే లేదు.

‘దుర్గా, నేను క్షేమం. నా కోసం చూడకు. వేళకి తిను.’