మేస్త్రీ వేసిన బల్ల

పొద్దున్నే దండెం మళ్ళీ జారిపోయింది. ఉతికి ఆరేసిన బట్టలన్నీ వెళ్ళి బురదలో పడ్డాయి. కోడలు నడుం మీద చెయ్యేసుకుని వాటి వంక చూసింది. తరవాత అరుగు మీద కూచున్న మామగారి వంక చూసింది.

"ఈ నెలలో ఇది మూడోసారి మామయ్యా. నేనేసే ముడి ఒక ముడేనా? పిల్ల జడకి రిబ్బను కట్టినట్టు కడతాను. మీరొక్కసారి చెయ్యేస్తే ఏం పోయింది?"

"నా చెయ్యి వద్దులేమ్మా," అన్నాడు తాత. "గోడకి మేకు కొట్టించుకో."

నలభై ఏళ్ళు పరంజాలు కట్టిన చెయ్యి అది. మేడకి రంగులేసేటప్పుడు గోడ పక్కన కర్రలు నిలబెట్టి, తాళ్ళతో బిగించి, పైన బల్లలు పరుస్తారు చూడండి, అదే పరంజా. ఎంత ఎత్తు మేడైనా సరే, పరంజా తాత కట్టాడా అని అడిగి మరీ ఎక్కేవాళ్ళు పనివాళ్ళు. ఆయన దగ్గర ఒకటే మాట ఉండేది. కట్టేవాడు కట్టాక, ఎక్కేవాడు ప్రతి ముడీ లాగి చూసుకోవాలి. కొత్తవాడైనా అంతే, కన్నకొడుకైనా అంతే.

ఆ కన్నకొడుకే పడ్డాడు. రెండేళ్ళ కింద, మూడో అంతస్తు నుంచి. అడ్డకర్ర ఊడి, బల్ల ఒరిగి, రంగు డబ్బాతో సహా వచ్చి ఇసక కుప్ప మీద పడ్డాడు. ఆ ఇసక లేకపోతే మనిషి దక్కేవాడు కాదు. కాలు రెండు చోట్ల విరిగింది. తాత ఆసుపత్రిలోనే మూడు రోజులు కూచుని తిరిగి వెళ్ళేసరికి అక్కడ పరంజా లేదు, మొత్తం పీకేశారు. ఆ ముడి జారిందో, తెగిందో, అసలు తను కట్టడమే తప్పు కట్టాడో, కళ్ళతో చూసుకునే వీలు లేకపోయింది. పేద్ద వయసేం కాదు గానీ, చేతికి వయసొచ్చేసిందని తనకి తనే తేల్చుకున్నాడు. ఆ రోజు నుంచి మళ్ళీ తాడు ముట్టలేదు. బూట్లకి కూడా తాళ్ళు లేనివే వేసుకుంటాడు.

కొడుకు ఇప్పుడు రంగుల కొట్లో రంగులు కలుపుతున్నాడు. కొంచెం కుంటుతాడు. తండ్రిని ఒక్క మాట అనలేదు. అసలు మాటలే తగ్గించేశాడు. తిట్టినా బాగుండునని తాత చాలాసార్లు అనుకున్నాడు.

ఆ పొద్దున కొట్టుకి బయల్దేరుతూ మాత్రం గుమ్మంలో ఆగాడు.

"నాన్నా, సాయంత్రం పాత సామాన్లవాడు వస్తాడు. సందులో ఉన్న వాసాలు, తాళ్ళు అన్నీ ఇచ్చెయ్."

"తాళ్ళు కూడానా?"

"ఎవరు కడతారని?"

తాత సందు వైపు చూశాడు. ఏదైనా అంత తొందరగా అనే మనిషి కాదాయన. "సరేలే," అన్నాడు చివరికి.

"అదేంటండీ!" అంది కోడలు లోపల్నుంచి. "ఆయన వస్తువులు ఆయన్నడక్కుండా..."

"అడిగానుగా," అని కొడుకు కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

బడికి సెలవు. మనవరాలు పిచ్చుక కోడలి కుట్టుమిషను పక్కనున్న పాత కంప్యూటరు ముందు కూచుంది. పదమూడేళ్ళ పిల్ల. ఎప్పుడూ ఏదో ఒకటి కిచకిచమంటూ ఉంటుంది, అందుకే పిచ్చుక. తాత మొహం చూసింది.

"తాతా, ఇలా రా. మా జట్టులో ఒక మనిషి తక్కువయ్యాడు."

"నాకేం వచ్చే పిల్లా?"

"వస్తే ఆడేదేంటి, ఆడితే వస్తుంది. డబ్బులేం కట్టక్కర్లేదు, ఏం ఎక్కించక్కర్లేదు. తెరిస్తే చాలు, ఆట వచ్చేస్తుంది."

తెర మీద ఒక గోపురం. గాల్లో అక్కడక్కడా మెట్లు, మధ్యలో ఖాళీలు. నలుగురు కలిసి పైకెళ్ళి శిఖరం మీది గంట కొట్టాలి. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఒక జట్టవుతారు. ఒక్కొక్కళ్ళకి ఒక్కో విద్య. డాలు పట్టుకున్నవాడు పైనుంచి పడే రాళ్ళకి అడ్డం నిలబడతాడు, గెంతలేడు. వైద్యురాలు దెబ్బ తగిలినవాళ్ళని లేపుతుంది. పరుగులవాడు గాల్లోనే రెండోసారి ఎగురుతాడు.

"వీడెవడు, సుత్తి పట్టుకున్నాడు?"

"వాడు మేస్త్రీ తాతా. ఖాళీలు ఉన్నచోట కింద ఊతకర్ర పెట్టి బల్ల వేస్తాడు. వాడు లేకపోతే ఎవ్వరూ పైకెళ్ళలేరు. కానీ వాణ్ణి ఎవరూ ఎంచుకోరు. పనెక్కువ, పేరు తక్కువ."

"మా పనే," అన్నాడు తాత. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

అమ్మ ఫోన్ తీసుకుని పిచ్చుక పరుగులవాణ్ణి ఎంచుకుంది. తాత కంప్యూటరు మీద మేస్త్రీ అయ్యాడు. మొదటి గంటంతా ఆయన కిందే ఉన్నాడు. రెండో గంటకి ఒక బల్ల వేసి, దాని మీదకి వెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ వెళ్ళి నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావు తాతా? అవతల రాళ్ళు పడుతున్నాయి!"

"ఆగవే. ఎక్కే ముందు చూసుకోవాలా వద్దా?"

"ఇది ఆట తాతా!"

"ఆటైతే మాత్రం, మనుషులేగా ఎక్కేది?"

కుట్టుమిషను దగ్గర కోడలు పకపకా నవ్వింది. "మామయ్యా, మీరు వేసే లోపల వాళ్ళకి పెళ్ళిళ్ళయి పిల్లలు పుడతారు."

కానీ మధ్యాహ్నానికి ఆ ముక్కూ మొహం తెలియని ఇద్దరూ ఆయన బల్ల వేసేదాకా ఆగడం మొదలెట్టారు. డాలువాడు పక్కన నిలబడి రాళ్ళు కాచాడు. ఎక్కడ ఊత పెడితే బరువు ఆగుతుందో తాతకి చెప్పాలా? తాత వేళ్ళు కదులుతుంటే కోడలు మిషను ఆపి చూసింది. రెండేళ్ళయింది ఆ వేళ్ళు అలా కదిలి.

సాయంత్రం కొడుకు వచ్చి గుమ్మంలో నిలబడింది ఎవరూ చూడలేదు. అప్పటికి నలుగురూ శిఖరం దగ్గరికొచ్చేశారు. ఇంకొక్క ఖాళీ, అవతల గంట. తాత చివరి బల్ల వేశాడు. వెళ్ళి నిలబడి చూశాడు. గట్టిగానే ఉంది. డాలువాడు ఎక్కాడు, వైద్యురాలు ఎక్కింది. అంతలోకే బల్ల ఫెళ్ళున ఒరిగి ముగ్గురూ కిందకి పోయారు.

తెర మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి. 'మేస్త్రీ వేసిన బల్ల కూలింది.' కింద ఎవరో రాశారు, 'దండగ మేస్త్రీ.'

తాత మీటల మీద నుంచి చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేను ముందే చెప్పానుగా తల్లీ," అన్నాడు మెల్లగా. "నా చేత్తో వేసింది నిలవదు."

"కాదు తాతా!" పిచ్చుక ఎర్రబడిపోయింది. "నువ్వు సరిగ్గానే వేశావు. ఊతకర్ర నేను పీకాను."

"నువ్వా?"

"పరుగులవాడికి ఆ విద్య ఉంది. ఊతకర్ర పీక్కుని గడలా పట్టుకుంటే ఇంకా ఎత్తుకి ఎగరొచ్చు. ముందు గంట నేనే కొడదామని... మళ్ళీ పెట్టేద్దామనుకున్నా, ఈలోపలే..." ఫోన్ మీద టకటకా ఏదో కొట్టింది. "చూడు, వాళ్ళకి కూడా చెప్పేశా. 'తప్పు మేస్త్రీది కాదు, నాది' అని. నిన్నెందుకు తిట్టాలి వాళ్ళు?"

గుమ్మంలో ఏదో కింద పడ్డ చప్పుడైంది. కొడుకు చేతిలోంచి సంచీ జారింది.

"ఆపెయ్యండి దాన్ని," అన్నాడు. "ఈ వయసులో ఆటలేంటి నాన్నా? అందులో కూడా బల్లలేనా? పొద్దున్నే చెప్పానుగా సామాన్లు బయట పెట్టమని!"

"పిల్ల సరదా పడిందిరా..."

"నాన్నా, తాతనేం అనకు," అంది పిచ్చుక. "పీకింది నేను."

"నువ్వు నోరు ముయ్యి!"

కోడలు లేచింది. "దాన్నెందుకు కసురుతారు? పొద్దున్నించీ ఆ మనిషి నవ్వుతూ కూచున్నాడు. రెండేళ్ళలో నేను చూసిన నవ్వు అదొక్కటే. అదీ చూడలేకపోతున్నారా? తిట్టాలనుంటే రెండేళ్ళ కిందే తిట్టెయ్యాల్సింది. నా కాలు నీ వల్లే పోయిందని ఒక్కసారి అనేసి ఊరుకోవాల్సింది. ఇలా మాట్లాడకుండా చంపడం ఏంటండీ?"

కొడుకు గోడకి చేరబడ్డాడు. అలాగే జారి నేల మీద కూచున్నాడు. కుంటికాలు చాపుకున్నాడు.

"ఎలా అనను?" అన్నాడు. "ఆయన వల్ల పోతేగా."

మిషను మీది దారపు ఉండ దొర్లి కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

"రంగు బకెట్టు పైకి లాగే తాడు ఆ అడ్డకర్ర చివర మాటిమాటికీ తట్టుకునేది నాన్నా. కర్రని కాస్త పక్కకి జరుపుదామని కట్టు విప్పాను. ఐదు నిమిషాల పనేగా, మళ్ళీ కట్టేద్దామనుకున్నా. కట్టడం మర్చిపోయి ఎక్కేశాను."

తాత తలెత్తి కొడుకు వంక చూశాడు.

"ఆసుపత్రిలో నువ్వు నా కాలు పట్టుకుని, నా ముడి నీకు ద్రోహం చేసిందిరా అని ఏడ్చావు. అప్పుడు నోరు రాలేదు. రేపు చెప్దామనుకున్నా. ఆ రేపు అలా జరిగి జరిగి రెండేళ్ళయింది. ఆ తాళ్ళు కనపడినప్పుడల్లా..." పిచ్చుక వంక చూశాడు. "ఇది అరనిమిషంలో చెప్పేసింది."

తాత కుర్చీలోంచి లేచి, కాళ్ళు మడుచుకుని కొడుకు ఎదురుగా నేల మీద కూచున్నాడు. అడిగాడు.

"ముడి ఎలా ఉందిరా?"

"ఏంటి?"

"విప్పేటప్పుడు. వదులుగా ఉందా?"

"వదులా?" కొడుకు కళ్ళు తుడుచుకున్నాడు. "పొద్దున లాగి చూసినప్పుడే రాయిలా ఉంది. చేత్తో రాలేదు. చివరికి పళ్ళతో పట్టి పీకాను. చిగురు తెగి రక్తం కూడా వచ్చింది."

"పళ్ళతోనా?"

"పళ్ళతో."

తాత మొహం ముందు నవ్వింది. తరవాత ఆ నవ్వు నవ్వుగానే ఉండగా కళ్ళ నుంచి నీళ్ళు కారిపోయాయి. తన రెండు చేతులూ ముందుకి పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, ఎవరో అరువు తీసుకెళ్ళి తిరిగిచ్చిన వస్తువులు చూసుకున్నట్టు.

"పళ్ళతో పీకాడంటమ్మా," అన్నాడు కోడలితో. ఆమె కొంగుతో మొహం కప్పుకుంది.

"నన్ను తిట్టు నాన్నా."

"తిడతాను. తిట్టకుండా ఎక్కడికి పోతాను? రెండేళ్ళు నన్ను నేల మీద కూచోబెట్టావు కదరా వెధవా." చెయ్యెత్తాడు. కొట్టబోయినవాడల్లా ఆ చెయ్యి కొడుకు మోకాలి మీద, కుట్లు పడ్డ చోట పెట్టాడు. "నొప్పి ఉంటోందా ఇంకా?"

"చలికాలం."

"ఊఁ."

బయట పాత సామాన్లవాడి బండి గంట మోగింది. కొడుకు లేవబోయాడు. తాత భుజం నొక్కి ఆపాడు. తనే వెళ్ళాడు.

"వాసాలు పట్టుకుపో నాయనా, వానకి నాని పుచ్చిపోయాయి. నాకు తెలుసు, వాటి మీద ఎవర్నీ ఎక్కించలేను. తాళ్ళు మాత్రం ఇవ్వను."

"మరి రమ్మన్నారు కదా పెద్దాయనా?"

"రమ్మన్నది మావాడు. ఇప్పుడు వాడూ రమ్మనడు."

బండి వెళ్ళాక తాత ఒక తాడు చుట్ట విప్పాడు. దుమ్ము దులిపాడు. పెరట్లో స్తంభానికి రెండు చుట్లు చుట్టి, కిందనుంచి తీసి, మోకాలు ఆనించి బిగించాడు. రెండో చివర అవతలి గుంజకి. వేళ్ళకి ఒక్కచోట కూడా తడబాటు రాలేదు. కోడలు బురద బట్టలు మళ్ళీ ఉతికి తెచ్చి బకెట్టుతో నిలబడింది.

"ఆగమ్మా, ఇంకా వెయ్యకు," అన్నాడు తాత. కొడుకు వంక తిరిగాడు. "లాగి చూడరా."

కొడుకు దండెం రెండు చేతులా పట్టుకున్నాడు. మంచి కాలు మీదా, చెడ్డ కాలు మీదా మోపిన బరువంతా తీసి ఆ తాడు మీద వేశాడు. పాదాలు నేల మీంచి లేచాయి. తాడు కిర్రుమంది. ముడి కదల్లేదు.

"ఉందా?"

"ఉంది నాన్నా."

లోపల్నుంచి పిచ్చుక కిచకిచమంది. "తాతా! ఆ ఇద్దరూ ఇంకా వెళ్ళిపోలేదు. మేస్త్రీ వస్తాడా అని అడుగుతున్నారు!"

"వస్తున్నానని చెప్పు," అన్నాడు తాత. నాలుగడుగులు వేసి ఆగాడు. "ఒరేయ్, నువ్వూ రా. మన పిచ్చుక ఊతకర్ర జోలికి పోకుండా చూసేవాడొకడు కావాలి."

"నన్నా పెట్టేది ఆ కాపలాకి?" అన్నాడు కొడుకు.

"నీకంటే బాగా ఎవరికి తెలుసురా?" అని తాత చెయ్యి చాపాడు. కొడుకు ఆ చెయ్యి పట్టుకుని మెట్టెక్కాడు.