మందుతో మందు

మందులు తయారుచేసే పెద్దమనుషులారా, ఈ పాపం మీది. డబ్బా మీద పూలూ, నవ్వే ముఖాలూ అచ్చేయడానికి మీకు చోటుంది. మింగేవాడి భాషలో ఒక్క ముక్కకు మాత్రం లేదు. ఆ పని షాపు యజమాని నెత్తిన పడేశారు. ఆయన కౌంటర్లో ఉండే అబ్బాయి నెత్తిన పడేశాడు. ఆ అబ్బాయి పుట్టింది తెలుగువాళ్ళు పిడికెడుమంది ఉన్న ఆ పరాయి ఊళ్ళోనే. అతనికొచ్చిన తెలుగంతా బాబాయిల పార్టీల్లో చెవిన పడ్డదే.

అందుకే దగ్గుమందు సీసాకి ఇలా చీటీ అంటించాడు: "మందుతో కలిపి వేసుకోరాదు."

ఆ సీసా కొన్న పెద్దాయన, కత్తెర అని అందరూ పిలిచే అమ్మాయి వాళ్ళ నాన్న, రాసిందానికి ఎదురుచెప్పే మనిషి కాదు. దగ్గుమందు తాగినన్నాళ్ళూ బీపీ మాత్ర ముట్టలేదు. కళ్ళు తిరిగి వంటింటి గుమ్మంలో పడ్డాడు.

టైలరింగ్ షాపులో పనిచేసే ఆ అమ్మాయిని కత్తెర అనేది ఆమె నోరు చూసే. నాన్నను ఆసుపత్రిలో చేర్చి, మెళ్ళో టేపైనా తీయకుండా వానలో తడుస్తూ వెళ్ళి సీసాను కౌంటర్ మీద పెట్టింది.

"ఇది రాసిన మేధావి ఎవరు?"

"నేనేనండీ. తప్పేముంది? మందు కొట్టి ఇది తాగితే ప్రమాదం."

"మందుల షాపులో కూర్చుని, మందు అంటే ఏంటనుకున్నావ్?"

"విస్కీ."

ఆమెకు నవ్వొచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుని, నాన్న విస్కీ వాసనైనా చూడడనీ, ఈ తెలుగు పుణ్యమా అని మంచం ఎక్కాడనీ చెప్పింది. అబ్బాయి ముఖం పాలిపోయింది. సాకులు చెప్పలేదు. ఆ సీసా కొన్న తెలుగువాళ్ళందరికీ వరసగా ఫోన్లు చేశాడు. ఆమె పక్కనే నిలబడి మాట మాటా సరిదిద్దింది.

అర్థంకానివాళ్ళు అడగాలి గానీ అని యజమాని లోపల్నుంచి సణిగాడు. అర్థమైందనుకున్నవాడు ఎందుకడుగుతాడని ఆమె తిప్పికొట్టింది.

మర్నాడు అబ్బాయి ఆసుపత్రికొచ్చి, కొత్త చీటీ చదివాడు. సారా, బీరు, విస్కీ తాగొద్దు. డాక్టరు చెప్పకుండా మిగతా మాత్రలు ఆపొద్దు.

"అర్థమైందా అంకుల్?"

"అప్పుడూ అర్థమైందనే అనుకున్నాను బాబూ."

అయితే ఏం చేస్తారో మీరే చెప్పండన్నాడు. ఆయన తప్పు లేకుండా చెప్పాడు. అబ్బాయి ఊపిరి పీల్చుకుని, ఆమె వైపు తిరిగి, అదే ఊపులో అనేశాడు.

"మీరు నాకు బాగా ఎక్కేశారండీ."

నాన్న దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"ఇదీ మీ బాబాయిల తెలుగేనా?" అంది కత్తెర.

"ఇది మాత్రం అర్థం తెలిసే అన్నాను."

ఈ తెలుగు బాగుచేయడం ఒక్క రోజులో అయ్యే పని కాదని, అతన్ని రోజూ ఇంటికి రమ్మన్నాడు నాన్న. ఆమె కాదనలేదు. టేపు మెళ్ళో వేసుకుని లేచింది.

"ముందు షాపుకి పద. ప్రతి చీటీ వాడే మనిషికి చదివి వినిపించు. అతని నోట తిరిగి చెప్పించుకో. ఆ తర్వాతే అంటించు."

"ఎప్పట్నుంచి?"

"ఇప్పట్నుంచి."

పెద్దమనుషులారా, మీకూ అదే మాట. డబ్బా మీద ఆ నవ్వే ముఖం పీకేయండి. ఆ చోటు మా మాటకు వదలండి.